గుద్దుకు ఎన్ని గుర్రాలు?

హెవీవెయిట్ బాక్సర్ గుద్దు గట్టిదా, గుద్దులతో పాటు తన్నులూ కుస్తీ పట్లూ చెల్లే ఎంఎంఏ ఆటలోని ఫైటర్ గుద్దు గట్టిదా అని మాట మొదలైతే చాలు, అయిదు నిమిషాల్లో ఎవడో ఒకడు 1,29,161 అంటాడు. ఇక అందరూ నోరు మూసుకోవాలి. ఎంఎంఏ ఫైటర్ ఫ్రాన్సిస్ ఎన్‌గాను గుద్దితే యంత్రం చూపించిన అంకె అది. అవి కిలోలా, న్యూటన్లా, రూపాయలా అని అడక్కూడదు. ఆ యంత్రం చేసినవాళ్ళ సొంత యూనిట్లవి. మామూలు జనానికి అర్థం కాదని ఎంఎంఏ పోటీలు నడిపే యూఎఫ్‌సీ సంస్థ పెద్దాయన డేనా వైట్ దయతలచి విడమరిచాడు: 96 హార్స్‌పవర్ అట, ఫోర్డ్ ఎస్కార్ట్ కారు ఫుల్ స్పీడులో వచ్చి గుద్దినంత అట.

హార్స్‌పవర్‌తో దెబ్బను కొలవరని ఇంటర్ ఫిజిక్స్ లెక్చరర్లు మొత్తుకుంటారు. మొత్తుకోనివ్వండి. నేను మాత్రం ఆ కారును మనస్ఫూర్తిగా నమ్మాను. నమ్మాను కాబట్టే 2023 అక్టోబరు 28న రియాద్‌లో ఏం జరిగిందో నాకు బాగా అర్థమైంది.

ఆ రాత్రి బాక్సింగ్ రింగులో ఒక మూల హెవీవెయిట్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ. ఇంకో మూల ఎన్‌గాను, అంటే మన ఫోర్డ్ ఎస్కార్ట్. రెఫరీ ఇద్దరినీ మధ్యకు పిలిచి రూల్స్ చెప్పాడు: బెల్టు కింద గుద్దకూడదు, హారన్ కొట్టకూడదు. మూడో రౌండులో కారు ఎడమ వైపు నుంచి మలుపు తిరిగి నేరుగా ఫ్యూరీ తలకు తగిలింది. మనిషి పడ్డాడు. పడడా మరి! కారు గుద్దాక జరగాల్సిన పద్ధతి ఒకటుంటుంది కదా, జనం మూగాలి, ఎవరో 108కి ఫోన్ చెయ్యాలి, డ్రైవరు పారిపోవాలి. అవేవీ జరగలేదు. ఫ్యూరీ లేచి, మిగిలిన ఏడు రౌండ్లూ ఆ కారు బానెట్ మీదే జాబ్‌లు (ముందు చేత్తో కొట్టే చురుకు గుద్దులు) విసిరాడు. చివరికి జడ్జీలు స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురిలో ఇద్దరి మాటతో, పాదచారినే గెలిపించారు. అయిదు నెలలు తిరక్కుండా అదే రియాద్‌లో ఇంకో బాక్సర్ ఆంథోనీ జాషువా ఆ కారును రెండు రౌండ్లలో మూడుసార్లు పడేశాడు. మూడోసారి స్టార్ట్ కాలేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు వచ్చి చూసి, ఇది యాక్సిడెంటు కాదు, కావాలని కుడిచేత్తో చేసిన పని, క్లెయిము రాదు పొమ్మన్నారు.

పాపం, 1985లో బాక్సర్ ఫ్రాంక్ బ్రూనో గుద్దును కొలిచిన శాస్త్రవేత్తలకు ఈ తెలివి లేకపోయింది. 4,096 న్యూటన్లని తేల్చి, మెత్త చుట్టిన ఆరు కిలోల కొయ్య సుత్తిని గంటకు 32 కిలోమీటర్ల వేగంతో విసిరినట్టు అని రాశారు. కొయ్య సుత్తి! అదీ మెత్త చుట్టి! ముప్పయ్యేళ్ళలో సుత్తి కాస్తా కారైంది. ఇంకో ముప్పయ్యేళ్ళకు గోదావరి ఎక్స్‌ప్రెస్ అవుతుంది. (మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. ఏ బండితో పోల్చాలో తోచక కాబోలు, ఈ నిపుణులు ఊరుకున్నారు.)

బాక్సింగ్ అభిమానులేమైనా తక్కువ తిన్నారా? 48 ఏళ్ళ బాక్సర్ రే మెర్సర్ 2009లో యూఎఫ్‌సీ మాజీ చాంపియన్ టిమ్ సిల్వియాను తొమ్మిది సెకన్లలో పడుకోబెట్టిన వీడియో వీళ్ళ ఫోన్లలో ఎప్పుడూ సిద్ధం. మరి ఆ మరుసటి ఏడాది బాక్సర్ జేమ్స్ టోనీ ఎంఎంఏ వైపు వెళ్తే, అక్కడి ఫైటర్ రాండీ కుటూర్ కాలు పట్టి లాగి, కింద పడేసి మెడ బిగించాడు కదా అంటే, అది గుద్దు కాదు కదా అంటారు. అదే నాయనా చెప్పేది! కాలు లాగేవాడు ఎదురుగా ఉంటే, పాదాలు పాతుకుని నడుం తిప్పి గుద్దే తీరిక ఎవడికుంటుంది? ఎంఎంఏలో 4 ఔన్సుల గ్లవ్, బాక్సింగ్‌లో 10 ఔన్సులది. యంత్రానికి ఇవేం పట్టవు. అది కాలు లాగదు, తల తప్పించదు, తిరిగి గుద్దదు. దానికి మెదడు లేదు.

దెబ్బ తినేవాడికి ఉంది. ఆ లావుపాటి గ్లవ్ కాపాడేది కొట్టేవాడి వేళ్ళను. వేళ్ళు విరగవు కాబట్టే పన్నెండు రౌండ్లూ తల మీదే బాదొచ్చు. బాక్సర్ల మెదడుకు ఏమవుతుందో 1928లోనే హారిసన్ మార్ట్‌ల్యాండ్ అనే అమెరికా డాక్టరు రాసిపెట్టాడు. అయినా ఏం లాభం? మహమ్మద్ అలీకి 42 ఏళ్ళకే పార్కిన్సన్స్. అలీతోనూ జో ఫ్రేజియర్‌తోనూ తలపడ్డ బాక్సర్ జెర్రీ క్వారీ తన బట్టలు తాను తొడుక్కోలేని స్థితికి వచ్చి, 1999లో 53 ఏళ్ళకే పోయాడు. చిన్న గ్లవ్ వాళ్ళకూ మినహాయింపు లేదు, ఎంఎంఏ ఫైటర్ గ్యారీ గుడ్‌రిడ్జ్‌కి నలభైల్లోనే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. ఎవడి గుద్దు గట్టిదో వీళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడగండ్రా, దమ్ముంటే! కొట్టిన చేతికి ఆరంకెల లెక్క చెబుతారే, తిన్న తలకు ఒక్క అంకె చెప్పారా? టీవీలో కనపడని దెబ్బలు, ప్రాక్టీసులో కొన్నేళ్ళ పాటు తిన్నవి, ఎవరైనా రాసిపెట్టారా? సిగ్గనేది ఉండక్కర్లేదా?

షర్టు బొత్తాలు పెట్టుకోలేని మాజీ చాంపియన్ మీద మాత్రం ఒక్కడూ రీల్ చెయ్యడు. వెనక పెట్టడానికి మ్యూజిక్ దొరకదట.