ఎర్ర చుక్క గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఎర్ర చుక్క గారికి,

ఉభయకుశలోపరి. మీవాళ్లంతా నా టేబుల్ సొరుగులో, షీటుకి అతుక్కుని క్షేమంగా ఉన్నారు.

చిత్రప్రదర్శనలో బొమ్మ అమ్ముడైతే పక్కనున్న చీటీ మీద మిమ్మల్ని అంటిస్తారు. బఠాణీ గింజంత లేరు గానీ, మీరు వాలిన బొమ్మ ముందు జనం గొంతు తగ్గిస్తారు. వాలని బొమ్మ ముందు నిలబడి ఫోన్లో మాట్లాడతారు.

మా కాలనీలో బొమ్మలు వేసేవాళ్లం ఐదుగురం. ఒక శని, ఆదివారాలు ఎవరిళ్లు వాళ్లు తెరిచిపెట్టి, వచ్చినవాళ్లకి చూపిద్దామనుకున్నాం. ఇంట్లో ఒప్పుకోకపోతే పేరున్న చిత్రకారుడు పి.టి.రెడ్డి గారిని అడ్డం పెట్టుకున్నాను. నారాయణగూడలో ఆయన తన ఇల్లు 'సుధర్మ'నే గ్యాలరీ చేసుకున్నారు కదా అన్నాను. "ఆయన పి.టి.రెడ్డి" అంది మా ఆవిడ. అయినా హాల్లో దివాన్ జరపనిచ్చింది.

శనివారం జనం బాగానే వచ్చారు. మొదటాయన గోడ వంక చూసి "ఇది ఎన్ని గజాలండీ?" అన్నాడు. 15 అంగుళాలు బై 22 అన్నాను. ఆయన అడిగింది ఇంటి గురించట. ఒకావిడ ఏడు గుర్రాల బొమ్మ లేదా అంది. లేదంటే, వాస్తుకి కావాలి, పోనీ ఎవరు వేస్తారో చెప్పమంది. ఇంకొకాయన ఫ్రేమును వేలితో తట్టి "బావుంది, ఎక్కడ కట్టించారు?" అన్నాడు. ఉస్మానియా బిస్కెట్లు మాత్రం పదకొండింటికే అయిపోయాయి.

ఒక పెద్దాయన భుజం తట్టి, వాన్ గో అంతటి చిత్రకారుడు కూడా బతికుండగా ఒక్క బొమ్మే అమ్మాడట అని ఓదార్చాడు. ఆ లెక్క ఎంతవరకు నిజమో గానీ, 1890లో బ్రస్సెల్స్‌లో ఆయన ద్రాక్షతోట బొమ్మని 400 ఫ్రాంకులకు కొన్న ఆన్నా బోక్ కూడా చిత్రకారిణే. మా కాలనీలో మిగతా నలుగురి జేబుల సంగతి నాకు తెలుసు.

ఇక అసలు విషయం. నీళ్ల ట్యాంకర్ కోసం తెల్లారకముందే వరసగా పెట్టిన బిందెల బొమ్మ ఒకటుంది. నీటిరంగులు. చివర్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె, మూతి దగ్గర కాలిన మచ్చ. ఆ మచ్చ కుదరక మూడుసార్లు కాగితం తడిపి తుడిచాను. ఎదురింటి పిన్నిగారు దాని ముందు పది నిమిషాలు కదలకుండా నిలబడింది. నా కళ్లు చెమర్చాయి. "ఇది మా బిందే" అంది ఆవిడ. "మొన్న ఎండాకాలంలో పోయింది. మీ ఇంట్లో ఉందా?"

ఆదివారం పొద్దున మా ఆవిడ ఒక మాటంది. "హారతి పళ్లెంలో మొదటి పది నోటు పూజారి గారిదే." నాకు అర్థమైంది. షీటులోంచి మిమ్మల్ని ఒలిచి బిందెల చీటీ మీద అంటించాను.

కాసేపటికి ఒక కొత్త జంట వచ్చింది. ఆ అమ్మాయి అన్నీ దాటుకుంటూ వెళ్లి బిందెల దగ్గర ఆగిపోయింది. "ఇదే! మా అమ్మమ్మ వాళ్ల వీధి అచ్చం ఇలాగే ఉండేది." అబ్బాయి ధర చూసి, బేరం కూడా ఆడకుండా ఫోన్ తీశాడు. స్కాన్ చెయ్యడానికి క్యూఆర్ కోడ్ కోసం వెతుకుతుంటే ఆ అమ్మాయికి మీరు కనబడ్డారు.

"అయ్యో, అమ్ముడైపోయిందా?"

లేదమ్మా, అది నేనే అంటించుకున్నానని ఏ నోటితో చెప్పను? "నిన్ననేనండీ" అన్నాను. వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. వాళ్ల బండి సందు మలుపు తిరిగాక మా ఆవిడ వంటింట్లోంచి, "కేన్సిల్ అయిందని చెప్పొచ్చుగా" అంది. మిమ్మల్ని గోటితో గీకబోతే చీటీ చిరిగింది గానీ మీరు ఊడలేదు.

సాయంత్రం పిన్నిగారు మళ్లీ వచ్చింది. మిమ్మల్ని చూసింది. కళ్లజోడు సర్దుకుని ధర కూడా చదివింది.

"అమ్ముడుపోయిందన్నమాట. సంతోషం నాయనా. మరి మా బిందె డబ్బులు?"

ఇట్లు,
మీవాళ్లు 69 మందిని ఇంకా సొరుగులోనే పెట్టుకున్న
ఒక చిత్రకారుడు