ఘల్లుమన్న లిబరేటర్

విమానం కిట్ పెట్టె విప్పితే ఫ్రేములకి అంటుకుని ఉన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, అద్దాల ముక్కలుంటాయి, నీళ్లలో నానేసి అంటించుకునే గుర్తుల కాగితముంటుంది, ఎలా కట్టాలో చెప్పే పుస్తకముంటుంది. ముక్కులో వెయ్యాల్సిన బరువు మాత్రం ఉండదు. పుస్తకంలో ముక్కు బొమ్మ దగ్గర ఒక బాణం గుర్తు వేసి, ఇక్కడ బరువు వేసుకోండి అని ఊరుకుంటారు. ఎక్కణ్ణించి తెచ్చుకోవాలో రాయరు. మొన్న సంక్రాంతికి మా బాబాయి ఇంట్లో జరిగిన రభసకంతటికీ ఆ బాణం గుర్తే మూలం.

బాబాయి ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కాలవలూ లాకులూ గీసీ గీసీ స్కేలంటే ప్రాణం పట్టుకుంది. భీమవరం పక్కన పల్లెలో, చుట్టూ చేపల చెరువులున్న ఇంట్లో కూర్చుని 1/72 స్కేలులో యుద్ధవిమానాలు కడుతుంటాడు. ఆరడుగుల మనిషి అంగుళమైపోయే లెక్క అది. "ఈ వయసులో ఆ బొమ్మలేవిటమ్మా?" అని చుట్టాలెవరైనా అంటే పిన్నే అడ్డుపడుతుంది. "పేకాటకెళ్లట్లేదు కదా, ఊరుకోండి" అంటుంది. మా వైపు ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

ఈసారి మొదలెట్టింది బి-24 లిబరేటర్. నాలుగింజన్ల బాంబరు.

"మన గోదావరోళ్లకీ యుద్ధానికీ సంబంధం లేదనుకుంటున్నావేమో. 1942 ఏప్రిల్ 6న జపానోళ్లు కాకినాడ మీద బాంబులేశార్రా. తాడేపల్లిగూడెంలో ఆ రోజుల నాటి రన్‌వే ఇంకా ఉంది, వెళ్లి చూసుకో" అని నాకు క్లాసు పీకాడు. యుద్ధం అయ్యాక కాన్పూరులో పాడుచేసి వదిలేసిన లిబరేటర్లని హెచ్‌ఏఎల్ వాళ్లు బాగుచేసి మన వైమానిక దళానికిచ్చారనీ, 1968 దాకా అవి ఎగిరాయనీ చెబుతుంటే ఆయన గొంతు గద్గదమైపోయింది. ముక్కలైన దాన్ని అతికించి నిలబెట్టినవాళ్లంటే ఆయనకి సహజంగానే గౌరవం.

అసలు విమానానికి రెక్కలు ఈ కొస నించి ఆ కొసకి 110 అడుగులు. 72తో భాగిస్తే పద్దెనిమిదంగుళాల పైచిలుకు. "అంటే మూరెడే కదండీ" అంది పిన్ని, రోజూ పూలు కొనే మనిషి కాబట్టి.

లిబరేటర్‌కి ముందు చక్రం ముక్కు కింద ఉంటుంది. ముక్కులో బరువు చాలకపోతే తోక మీద చతికిలబడుతుంది. అందుకని బాబాయి ఎదురు చెరువు కాపలా కుర్రాణ్ణడిగి వలకి కట్టే సీసపు గుళ్లు గుప్పెడు తెప్పించి, ఒక చిన్న డబ్బాలో పోసి కిటికీలో పెట్టుకున్నాడు. ఆ కిటికీలోనే అలాంటి డబ్బాయే ఇంకోటుంది. అందులో మనవరాలి పాత పట్టీల మువ్వలున్నాయి. పండక్కి పిల్లొచ్చేలోగా దుకాణంలో మార్చి కొత్త పట్టీలు తేవాలని పిన్ని ఊడదీసి దాచింది. మా ఊరి గాలికి వెండి నల్లబడ్డానికి ఎన్నాళ్లో పట్టదు. పైగా ఆ సాయంత్రం కరెంటు లేదు. బాబాయికి ఒక కంట్లో శుక్లం తీశారు, రెండోది వాయిదాల మీద ఉంది.

"ఈ సీసంలో కల్తీ ఉందిరా, కాసిని చాలనుకుంటే డబ్బా అంతా పట్టేసింది" అని మర్నాడు నాతో వాపోయాడు. సీసాన్ని కూడా కల్తీ చేసే రోజులొచ్చాయని ఇద్దరం కాసేపు బాధపడ్డాం.

దూది కుక్కి, క్షణంలో పట్టేసే జిగురు పోసి, వెంటనే ముక్కు మూసేశాడు. ఆ జిగురు ఆవిరికి దారి లేకపోతే అద్దాల మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. అద్దాల దగ్గర ఆ జిగురు వద్దని కిట్లు కట్టేవాళ్లందరూ చెబుతారు, బాబాయితో సహా. లిబరేటర్ ముక్కు చూస్తే సగం అద్దాలే. తెల్లారేసరికి లోపల ఏముందో కనబడకుండా పాలరంగు తిరిగింది.

పిన్ని కళ్లజోడు సర్దుకుని చూసింది. "దీనికీ శుక్లమొచ్చిందండీ. మీ రెండో కంటితోపాటు చేయించేద్దాం, ఇద్దరికీ కలిపైతే డాక్టరుగారు తగ్గిస్తారేమో."

విమానం మాత్రం మూడు చక్రాల మీదా దర్జాగా నిలబడింది.

భోగి ముందురోజు కూతురూ అల్లుడూ మనవరాలితో దిగారు. పిల్ల వస్తూనే విమానాన్ని రెండు చేతుల్తో ఎత్తి హాల్లో ఒక చుట్టు తిప్పింది. ఘల్లు ఘల్లుమంది.

వంటింట్లో అరిసెలు వత్తుతున్న పిన్ని అక్కణ్ణించే కేకేసింది. "పట్టీలెక్కడివే నీకు? నేనింకా కొననేలేదుగా!"

ఇంకో చుట్టు. మళ్లీ ఘల్లు. పిన్ని పిండి చేతుల్తోనే కిటికీ దగ్గరికెళ్లి డబ్బా మూత తీసింది. లోపల సీసపు గుళ్లు, అన్నీ భద్రంగా.

"ఏవండోయ్!"

ఆ "ఓయ్" చెరువు అవతలి గట్టు దాకా వినబడిందని కాపలా కుర్రాడు తర్వాత చెప్పాడు. పిన్ని పచ్చడిబండ తెచ్చి బల్ల మీద పెట్టి, "పగలగొట్టండి" అంది. "కాన్పూరులో వాళ్లు అంత కష్టపడి..." అని బాబాయి నసిగాడు. అల్లుడుగారు డ్రిల్లింగ్ మిషనుతో కడుపులో చిన్న కన్నం వేద్దామన్నారు. ఆయన సాఫ్ట్‌వేరు, బాబాయి ఆ చేతుల వంక చూసి విమానాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. చివరికి పిల్లే తేల్చింది. మోగే విమానం వాళ్ల అపార్ట్‌మెంట్లో ఎవరి దగ్గరా లేదట, పగలగొడితే హైదరాబాదు వెళ్లిపోతానంది.

కొత్త పట్టీలకి డబ్బులు మొత్తం బాబాయి పెన్షన్లోంచే అన్న షరతు మీద బండ వంటింట్లోకి వెళ్లింది. సాయంత్రం ముగ్గురం భీమవరం వెళ్లాం. దుకాణాయన పట్టీలు తూచి, "పాత వెండి తీసుకొస్తానన్నారు కదండి అమ్మగారూ, ఏదండి?" అన్నాడు.

పిన్ని బాబాయి వైపు చూసింది. బాబాయి అబద్ధమాడే మనిషి కాదు.

"విమానంలో ఉండిపోయిందండీ."

"అయ్యయ్యో!" అన్నాడాయన, తక్కెడ పక్కన పెట్టి. "రాజమండ్రిలో దిగుద్దాండి, గన్నవరంలోనాండి?"