టీకా ఫొటో సరే, మర్నాటి సంగతి కూడా రాయండి

2021లో మన ఫేస్‌బుక్ పోస్టులు, వాట్సాప్ స్టేటస్‌లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు డాక్టర్లు, నర్సులు, పారిశుద్ధ్య కార్మికుల ఫొటోలు వచ్చాయి. మార్చి 1న అరవై దాటినవాళ్ల వంతు మొదలైంది, ఆ ఉదయమే ప్రధాని ఢిల్లీ ఎయిమ్స్‌లో కొవాగ్జిన్ వేయించుకుని ఫొటో ట్వీట్ చేశారు. ఆ వెనకే మన అమ్మానాన్నల ఫొటోలు, పిల్లలు తీసి పెట్టినవి. ఏప్రిల్‌లో నలభై అయిదు దాటినవాళ్లు, మే నుంచి కుర్రకారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మాస్కు పెట్టుకుని, వెనక ఆసుపత్రి బ్యానర్ కనిపించేలా నెలల తరబడి అదే ఫొటో, మనుషులే వేరు.

గొప్పలు చెప్పుకుంటున్నారని అప్పట్లోనే చాలామంది విసుక్కున్నారు. నేను అలా అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. టీకా వేయించుకున్నామని నలుగురికీ చెప్పడం మంచి పని, చాలా అవసరమైన పని. నా బాధల్లా మనలో ఎక్కువమందిమి సగమే చెప్పామని. సూది పడిన క్షణం చూపించాం, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఒంట్లో ఎలా ఉందో రాయలేదు. భయపడుతూ కూర్చున్న మనిషి మన దగ్గర తెలుసుకోవాలనుకున్నది ఆ మిగతా సగమే.

టీకా వేసిన చెయ్యి చూపించడం మన కాలంలో పుట్టిన అలవాటేమీ కాదు. 1805 నాటి ఒక వర్ణచిత్రం ఉంది, థామస్ హికీ గీశాడని చెబుతారు. అందులో మైసూరు రాజకుటుంబానికి చెందిన ముగ్గురు స్త్రీలు నిలబడి ఉంటారు. వాళ్లలో చిన్న రాణి దేవజమ్మణి, చీర కాస్త పక్కకు తీసి చెయ్యి చూపిస్తోందని, అది మశూచి టీకా వేయించుకున్న చోటని, ప్రజలకు ధైర్యం చెప్పడానికే ఆ చిత్రం గీయించారని చరిత్రకారుడు నైజెల్ చాన్సలర్ వాదించారు. మశూచి టీకా బొంబాయికి చేరింది 1802లో. మూడేళ్లు తిరక్కుండా, పరాయి వాళ్లు తెచ్చిన మందును, ఆవు నుంచి వచ్చిందని విన్న మందును, ఒక చెయ్యి నుంచి ఇంకో చేతికి ఎక్కించే రోజుల్లో, ఒక రాణి తన చెయ్యి చూపిస్తూ బొమ్మ గీయించుకోవడానికి ఒప్పుకుందంటే, చాన్సలర్ చెప్పింది నిజమే అయితే, అది చిన్న విషయం కాదు. జనం భయపడుతున్న చోట చూపించడం అలంకారం కోసం చేసే పని కాదు.

2021 ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గరికొచ్చేసరికి ఈ చూపించడం చాలా ఇబ్బందికరమైన పరిస్థితుల్లో పడింది. అమెరికాలో ఏప్రిల్ 19 నాటికి పద్దెనిమిది దాటిన అందరికీ టీకా తెరిచేశారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ పేరున్న తెల్లటి టీకా కార్డు పట్టుకుని ఫొటోలు పెడుతున్న రోజుల్లోనే, అదే టైమ్‌లైన్‌లో, ఆ ఫొటోకి పైనా కిందా, ఆక్సిజన్ బెడ్ ఎక్కడైనా ఉందా, రెమ్‌డెసివిర్ దొరుకుతుందా, ప్లాస్మా ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా అని హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, గుంటూరు నుంచి పోస్టులు. మే మొదటి వారంలో దేశంలో రోజువారీ కేసులు నాలుగు లక్షలు దాటాయి. ఆ ఫొటో పెట్టినవాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల అమ్మానాన్నలు కూడా ఇక్కడే ఉన్నారు, వాళ్ల టెన్షన్ వాళ్లది. కానీ చదివిన మనిషికి గుచ్చుకుందంటే దానికీ కారణం ఉంది: అది దొరికినవాడి వార్త, చదువుతున్నవాడు దొరకనివాడు.

మన దేశంలోనే ఆ తేడా ఇంకా పచ్చిగా కనిపించింది. ఏప్రిల్ 28 సాయంత్రం నాలుగింటికి 18 దాటినవాళ్లకు టీకా నమోదు వెబ్‌సైటు కొవిన్‌లో రిజిస్ట్రేషన్ తెరిస్తే ఆ ఒక్క రోజే కోటి మందికి పైగా నమోదు చేసుకున్నారు, సైట్ మొరాయించింది. స్లాట్ తెరుచుకోగానే చెప్పే టెలిగ్రామ్ చానళ్లు పుట్టాయి. ఫోను, నెట్టు, వేగంగా కదిలే వేళ్లు ఉన్నవాళ్లు ఊరి పీహెచ్‌సీలో స్లాట్ పట్టుకుని సిటీ నుంచి కారేసుకుని వెళ్తే, ఆ ఊళ్లో ఉన్నవాళ్లు గేటు దగ్గర నిలబడి చూసిన సంఘటనలు దేశమంతటా వచ్చాయి. ఫోను లేనివాళ్ల సంగతేమిటని సుప్రీంకోర్టు అడిగింది. 18 నుంచి 44 ఏళ్లవాళ్లకు నేరుగా కేంద్రానికి వెళ్లి పేరు రాయించుకునే వీలు మే 24న గానీ రాలేదు. డోసులు చాలక తెలుగు రాష్ట్రాలు మే నెలలో 45 దాటినవాళ్లకే ముందు అనాల్సి వచ్చింది. ప్రైవేటులో కొనుక్కోగలిగినవాళ్లకు మాత్రం దొరికింది. జూన్ 8న కేంద్రం ఖరారు చేసిన గరిష్ఠ ధర కొవిషీల్డ్‌కు 780 రూపాయలు, స్పుత్నిక్‌కు 1,145, కొవాగ్జిన్‌కు 1,410. నలుగురున్న ఇంటికి కొవాగ్జిన్ రెండు డోసులు అంటే 11,280 రూపాయలు. ఆటో నడిపే మనిషి ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు?

అందుకే అప్పుడు నాకు బాగా విలువైనవిగా అనిపించిన పోస్టుల్లో ఫొటో ఉన్నా లేకపోయినా ఒకటే. ఏ సెంటర్, స్లాట్ ఎన్నింటికి తెరుచుకుంది, ఎంత కట్టాం, ఏ కార్డు అడిగారు, వీల్‌చైర్ ఉందా, పెద్దవాళ్లు ఎంతసేపు నిలబడాలి. ఇలాంటివి రాసిన మనుషులు వాళ్ల పరిచయస్తులకే కాదు, ఆ పోస్టు ఫార్వర్డ్ అయి చేరిన ముక్కూమొహం తెలియని వాళ్లకు కూడా దారి చూపించారు.

ఇక అసలు ప్రశ్న, ఈ ఫొటోలు చూసి ఎవరైనా మనసు మార్చుకున్నారా? అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫేస్‌బుక్ ద్వారా 23 దేశాల్లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో అచ్చయింది. చుట్టూ ఉన్నవాళ్లలో టీకాకు సిద్ధంగా ఉన్నవాళ్లు నిజంగా ఉన్నదానికంటే తక్కువని జనం అనుకుంటున్నారని, అసలు ఎంతమంది సిద్ధంగా ఉన్నారో చెబితే తామూ వేయించుకుంటామనేవాళ్లు పెరిగారని అందులో తేలింది. అంటే అందరూ వేయించుకుంటున్నారన్న మాట కనిపించడానికే ఒక బలం ఉంది. అయితే మన పోస్టు ఎవరికి కనిపించిందన్నది చూడాలి. అప్పటికే వేయించుకుందామనుకుంటున్న మన స్నేహితులకు. భయపడుతున్న పెద్దమ్మ ఫేస్‌బుక్‌లో లేదు. ఆమె ఫ్యామిలీ గ్రూపులో ఉంది, ఆ గ్రూపులోకి వేరే సరుకు వచ్చింది.

ఆ సరుకేమిటో గుర్తుందా? సూది వేయించుకున్నవాళ్లంతా రెండేళ్లలో చచ్చిపోతారని ఫ్రాన్సు నోబెల్ శాస్త్రవేత్త లూక్ మోంటానియే అన్నాడంటూ 2021 మే నెలలో ఒక ఫార్వర్డ్ తిరిగింది. ఆ మాట ఆయన అనలేదు, కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ కూడా అది అబద్ధమని ప్రకటించింది. అయినా ఊళ్లలో అది నిలబడింది. ఎందుకంటే పక్కింటాయన సూది వేయించుకొచ్చి రాత్రంతా జ్వరంతో మూలిగాడు, పొద్దున్నే వీధంతా చెప్పుకున్నారు. జ్వరం, ఒళ్లు నొప్పులు, చెయ్యి పీకడం ఒకటి రెండు రోజులు ఉండొచ్చని, పారాసిటమాల్ వేసుకుంటే సరిపోతుందని, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలని ముందే తెలిస్తే అది మామూలు విషయం. తెలియకపోతే అదే రుజువు. మన ఫొటోల్లో నవ్వే ఉంది, జ్వరం లేదు. జ్వరం గురించి చెప్పే పని మొత్తాన్ని పుకార్లకు వదిలేశాం.

తమిళ నటుడు వివేక్ విషయంలో ఇది ఎంత దూరం వెళ్లిందో చూశాం. 2021 ఏప్రిల్ 15న చెన్నైలో ప్రభుత్వ ఆసుపత్రిలో మీడియా ముందు కొవాగ్జిన్ వేయించుకుని జనాన్ని కూడా వేయించుకోమన్నారు. మర్నాడు కుప్పకూలారు, 17న గుండెపోటుతో చనిపోయారు. టీకా తర్వాత వచ్చే సమస్యలను పరిశీలించే జాతీయ కమిటీ ఆ మరణానికి టీకాకు సంబంధం లేదని తేల్చింది, కానీ ఆ మాట బయటికొచ్చేసరికి అక్టోబరు. ఆరు నెలలు! ఆ ఆరు నెలలు ఎన్ని లక్షల మంది ఆ వీడియోని, ఆ మరణవార్తని పక్కపక్కన పెట్టి చూసుంటారు? కమిటీలు తొందరపడకూడదు, నిజమే. కానీ పరిశీలన జరుగుతోంది, ఇప్పటిదాకా తెలిసింది ఇదీ అని ప్రతి వారం ఎవరో ఒకరు చెబుతూ ఉండాల్సింది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఒక మనిషి అనుభవం భయం తగ్గిస్తుంది, మందు పనిచేస్తుందని రుజువు చెయ్యదు. అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన పసరు మందు కోసం వేలమంది ఎగబడ్డారు. అక్కడా నడిపించింది అనుభవాల వీడియోలే, నేను వేసుకున్నాను నాకు తగ్గింది అని. నాకేమీ కాలేదు అనే మాట టీకాకైనా పసరుకైనా ఒకేలా వినిపిస్తుంది. పనిచేస్తుందా లేదా తేల్చేది వేలమంది మీద జరిగిన ట్రయల్స్. కాబట్టి నాకు ఒళ్లు నొప్పులు వచ్చాయి, తగ్గాయి అని రాయండి, అక్కడితో ఆపండి. టీకా వేయించుకున్నాను కనుక ఇక నాకు కరోనా రాదని రాసినవాళ్లకు 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చింది, అప్పుడు వాళ్ల మాటతో పాటు టీకా మాట కూడా పోయింది.

సగం చెప్పడం వల్ల వచ్చిన నష్టం 2024లో ఇంకోసారి బయటపడింది. కొవిషీల్డ్ ఫార్ములా ఆస్ట్రాజెనెకాది. చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని ఆ కంపెనీ బ్రిటన్ కోర్టుకిచ్చిన పత్రాల్లో ఒప్పుకుందని ఏప్రిల్ చివర్లో వార్త వచ్చేసరికి, మూడేళ్ల కిందట సంబరంగా ఫొటోలు పెట్టినవాళ్లే అదే సర్టిఫికెట్ తీసి ఇప్పుడు మా గతేమిటని పోస్టులు పెట్టారు. ఆ సంగతి కొత్తది కాదు. ఐరోపా మందుల సంస్థ 2021 ఏప్రిల్ 7నే దాన్ని అతి అరుదైన దుష్ప్రభావంగా ప్రకటించింది. వస్తే టీకా వేసిన కొద్ది వారాల్లోపే వస్తుందని, మూడేళ్ల తర్వాత కాదని కూడా అప్పటికే తెలుసు. మనకు ఎవరూ నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పలేదు, మనమూ అడగలేదు. తెలిసిన ముప్పుని ముందే చెబితే జనం పారిపోతారని ప్రభుత్వాలు భయపడతాయి. నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. దాచిన నిజం తర్వాత బయటపడితే దాంతో పాటు వంద అబద్ధాలకు కూడా ప్రాణం వస్తుంది.

సర్టిఫికెట్ల గురించి క్లుప్తంగా. అందులో పేరు, వయసు, గుర్తింపు కార్డు చివరి అంకెలు, రిఫరెన్స్ ఐడీ, టీకా వేసిన చోటు, తేదీ, క్యూఆర్ కోడ్ అన్నీ ఉంటాయి. దాన్ని సోషల్ మీడియాలో పెట్టొద్దని కేంద్ర హోంశాఖ నడిపే సైబర్ దోస్త్ 2021 మే నెలలోనే హెచ్చరించింది. అదే నెలలో టీకా ఫొటోలు పంపినవాళ్లలో కొందరికి అయిదు వేల రూపాయల బహుమతి ఇస్తామని కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు మైగవ్ పోటీ పెట్టింది, దాంతో పంచుకోవాల్సిందేమిటో దాచుకోవాల్సిందేమిటో జనానికి కలగాపులగం అయింది. 2023 జూన్‌లో ఫోన్ నంబరు కొడితే టీకా వేయించుకున్నవాళ్ల వివరాలు చెప్పేస్తున్న టెలిగ్రామ్ బాట్ బయటపడింది. కొవిన్‌లోకి ఎవరూ చొరబడలేదని ప్రభుత్వం అంది. ఏమైనా ఫొటో వరకు చాలు, సర్టిఫికెట్ వద్దు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కరోనా టీకాల కాలం గడిచిపోయినా ఇంకో టీకా మన గుమ్మంలో ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు దీన్ని ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ చెప్పారు. మర్నాడే నటి పూనమ్ పాండే ఆ క్యాన్సర్‌తో చనిపోయినట్టు ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు వచ్చింది, ఆ తర్వాతి రోజు బతికే ఉన్నాను, అవగాహన కోసం చేశానంది. అవగాహన పేరుతో అబద్ధం చెబితే రేపు నిజం చెప్పేవాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టే.

తెలుగు నేల మీద ఈ టీకాకు ఒక గాయం కూడా ఉంది. 2009లో పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ వేశారు. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమనిపించడం లేదని విచారణలో తేలింది. కానీ భద్రాచలం ప్రాంతంలోని హాస్టళ్లలో తల్లిదండ్రులకు చెప్పకుండా వార్డెన్లే అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారని కూడా తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు, ఆ తల్లిని మాత్రం మనిషిగా లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లి ఇప్పుడు నమ్మమంటే ఎవరు నమ్ముతారు, ఎందుకు నమ్మాలి?

అందుకే కూతురికి హెచ్‌పీవీ టీకా వేయించిన తల్లిదండ్రులు రాయాలి, తెలుగులో రాయాలి, వీలైతే రెండు నిమిషాల ఆడియోగా ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు ఉన్న గ్రూపుల్లో పెట్టాలి. పిల్ల పేరు, ఫొటో అక్కర్లేదు. సూది వేసిన చోట ఎన్నాళ్లు నొప్పి ఉందో చెప్పండి. ఆ వయసు పిల్లలు కంగారుకే కళ్లు తిరిగి పడిపోవచ్చు, అందుకే సూది వేశాక పావుగంట కూర్చోబెడతారని చెప్పండి. వేయించే ముందు మీకేం భయాలున్నాయో, డాక్టరును ఏం అడిగారో, ఎంత ఖర్చయిందో చెప్పండి. ఈ టీకా అన్ని రకాల హెచ్‌పీవీని ఆపలేదు, కాబట్టి వేయించుకున్న పిల్ల కూడా ముప్పై దాటాక ఆ క్యాన్సర్ స్క్రీనింగ్ పరీక్ష చేయించుకోవాల్సిందేనని, టీకా అందని తల్లి ఇప్పుడే చేయించుకోవాలని కూడా అందులోనే చెప్పండి.