సవరణ: కర్కుమిన్, రొమ్ము క్యాన్సర్

పసుపులోని కర్కుమిన్ రొమ్ము క్యాన్సర్ కణాలను చంపుతుందన్న నిన్నటి పోస్టుకు ఈ వివరణ. ఆ ఫలితం ల్యాబ్‌లో పెంచిన కణాల మీద వచ్చింది. మనం మింగిన కర్కుమిన్‌లో రక్తంలోకి చేరేది చాలా కొద్ది. దాన్ని చికిత్స అనలేం.

అలాగని మొక్కల మందులన్నీ ఉత్తివే అనుకోవద్దు. పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్‌కు రొమ్ము క్యాన్సర్ చికిత్సలో వాడేందుకు అమెరికాలో 1994లో అనుమతి వచ్చింది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నని గొట్టాలు ఏర్పడతాయి. ఈ మందు వాటిని కదలకుండా బిగించేస్తుంది, విభజన ఆగిపోతుంది. సరైన డోసులో ఇచ్చినా తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, అందుకే రక్తపరీక్షలు చూసుకుంటూ ఎక్కిస్తారు. బెరడు కాచుకుని తాగితే ప్రాణానికే ముప్పు. కీమో నడుస్తుంటే కర్కుమిన్ మాత్రలు కూడా డాక్టరుకు చెప్పకుండా వేసుకోకండి, దయచేసి.