సవరణ: టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం పోటీ

ఒకే రాష్ట్రంలోని కాలేజీ జట్లు ఏటా తలపడాలన్న పోస్టులో టెక్సాస్ రాష్ట్రంలోని ఈ రెండు యూనివర్సిటీల పోటీ 2011 తర్వాత ఆగిపోయిందని రాశాను. అది అమెరికన్ ఫుట్‌బాల్ విషయంలోనే, అన్ని ఆటల్లోనూ కాదు. బేస్‌బాల్‌లో 2022 కాలేజీ వరల్డ్ సిరీస్‌లోనూ (కాలేజీ జట్ల జాతీయ టోర్నీ) ఎదురుపడ్డాయి.

ఫుట్‌బాల్ ఆగడానికి కారణం ఆదరణ తగ్గడం కాదు, 2012లో ఏ అండ్ ఎం ఎస్ఈసీ (సౌత్‌ఈస్టర్న్) కాన్ఫరెన్సుకు, అంటే వేరే కాలేజీల లీగ్‌కు మారడం. అంతకుముందు 2011 థాంక్స్‌గివింగ్ పండుగ రాత్రి జరిగిన ఆటలో టెక్సాస్ కిక్కర్ జస్టిన్ టక్కర్ ఆఖరి క్షణంలో కొట్టిన ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని పాయింట్లు సాధించడం) టెక్సాస్ 27-25 తేడాతో గెలిచింది. అంతటి పోరును పదమూడేళ్లు పక్కన పడేశారు! టెక్సాస్ కూడా ఎస్ఈసీలో చేరాక, 2024లో గానీ అది తిరిగి మొదలు కాలేదు.

కాన్ఫరెన్సులు వేరైతే ఏటా ఆడడం కుదరదనేవారు, వేర్వేరు కాన్ఫరెన్సుల్లో ఉన్న జార్జియా, జార్జియా టెక్ ఫుట్‌బాల్ జట్లను చూడాలి. 2020 కరోనా ఏడాది తప్ప, అవి దశాబ్దాలుగా ఏటా ఆడుతూనే ఉన్నాయి.