సంభావ్యత మనకు నేర్పక్కర్లేదు

సంభావ్యత (ప్రాబబిలిటీ) అనే శాస్త్రాన్ని తెలుగువాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. పదో తరగతి నుంచీ మనం చేస్తున్న పని అదే కదా. ఏ పాఠం పరీక్షకు వస్తుంది, ఏది రాదు, దేన్ని ఛాయిస్‌లో వదిలేయొచ్చు, ట్యూషన్ మాస్టారు బోర్డు మీద మూడు స్టార్లు పెట్టిన ప్రశ్న ఎంత గ్యారంటీ... ఈ లెక్కలు కట్టకుండా పట్టా పుచ్చుకున్నవాడు ఒక్కడుంటే చూపించండి. ఇంతటి అనుభవజ్ఞులకు స్టాటిస్టిక్స్ పేపర్ పెట్టి, సంచిలో ఎర్ర బంతులెన్ని, నల్ల బంతులెన్ని అని అడగడం తాతకు దగ్గులు నేర్పడమే.

కడుపు మండి రాస్తున్నాను. బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీ హాస్టల్లో, త్రీ షేరింగ్ గదిలో ముగ్గురం ఉంటాం: నేను, గుంటూరు మావ, అనంతపురం తమ్ముడు. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు డేటా సైన్స్ కోర్సు. ఎందుకు చేరారని అడక్కండి. పక్క గదివాళ్లు చేరితే మేమూ చేరే షరతు సంభావ్యత ఎప్పుడూ 1, అంటే ఖాయం. మొన్న ఆదివారం దాని పరీక్ష జరిగింది.

ప్రిపరేషన్ పద్ధతిగానే మొదలైంది. తమ్ముడు స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్. రావు గారి ఫోటో ప్రింట్ తీసుకొచ్చి అల్మరా తలుపుకి అంటించాడు. ఆయన 1920లో ఈ కర్ణాటకలోనే, హడగళిలో, తెలుగు ఇంట్లో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, కలకత్తా వెళ్లి, పాతికేళ్లు నిండీ నిండని వయసులో, 1945లో, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే, ప్రపంచమంతా ఇప్పటికీ క్రామర్-రావు హద్దు అని పిలుచుకునేదాన్ని కనిపెట్టారు. ఆయనా మనవాడే, మనమూ కర్ణాటకలోనే ఉన్నాం కాబట్టి సగం సిలబస్ రక్తంలోనే ఉందని తమ్ముడు తేల్చాడు. మిగతా సగానికి అగరబత్తి వెలిగించాడు.

తర్వాత ప్రాక్టికల్. వందసార్లు నాణెం ఎగరేసి, బొమ్మా బొరుసూ సగం సగం పడతాయో లేదో చూద్దామన్నాడు మావ. పదమూడోసారి రూపాయి బిళ్ల ఫ్యాన్ రెక్కకు తగిలి, మంచం కిందకు దొర్లి, ఆవకాయ జాడీకీ గోడకూ మధ్య నిలువుగా నిలబడింది. మేం రాసుకున్న శాంపిల్ స్పేస్‌లో (రాగల ఫలితాల జాబితాలో) బొమ్మ ఉంది, బొరుసు ఉంది, ఆవకాయ లేదు. జాడీని కదిపితే ఫలితాన్ని తారుమారు చేసినట్టవుతుందా అని అరగంట చర్చ. ఎలాగో వందా పూర్తయ్యేసరికి బొమ్మలు 57. నాణెం దొంగదని మావ తీర్పు చెప్పేశాడు. నిజానికి వందలో సరిగ్గా 50 బొమ్మలు పడే అవకాశం 8 శాతమే. ప్రామాణిక విచలనం, అంటే మామూలుగా అటూ ఇటూ ఊగే దూరం, 5 కాబట్టి 57కి కంగారు పడాల్సిందేమీ లేదు. ఇదంతా పుస్తకంలో ఉంది. పుస్తకం మీదే నాణెం పడేలా ఎగరేస్తున్నాం.

అసలు శాస్త్రమంతా మావ దగ్గరే ఉంది. "బేయ్స్ సిద్ధాంతం వరసగా మూడు పేపర్లలో వచ్చింది మావా, ఈసారి రాదు" అన్నాడు. మరి పాయిజాన్ చాప్టర్? "మూడు పేపర్లుగా రాలేదు, ఈసారి రాక చస్తుందా?" 1913లో మాంటె కార్లో కాసినోలో రౌలెట్ గోళీ వరసగా 26 సార్లు నల్లగడిలోనే ఆగిందనీ, ఇక ఎరుపు రాక తప్పదని పందెం కాసినవాళ్లు నిండా మునిగారనీ చెప్పాను. ఆ చక్రానికి వెనకటి ఆట గుర్తుండదని కూడా చెప్పాను. "చక్రానికి గుర్తుండదు మావా, పేపర్ సెట్ చేసే సారుకి గుర్తుంటుంది" అన్నాడు. జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ఇక యాదృచ్ఛిక చలరాశి (రాండమ్ వేరియబుల్). పేరు గొప్ప, ఊరు దిబ్బ. తెలుగు మీడియంలో ఇంటర్ చదివిన నాకు ఆ మాటకి నోరు తిరగడానికే సెకండియర్ సగం గడిచిపోయింది. తీరా చూస్తే అది యాదృచ్ఛికమూ కాదు, చలరాశీ కాదు, ఉత్త ప్రమేయం (ఫంక్షన్). జరిగిన ప్రతి ఫలితానికీ ఒక సంఖ్య తగిలించడమే దాని పని. ఈ ముక్క మా పీజీ ఆంటీని చూపించి చెప్పుంటే ఒక్క నిమిషంలో అర్థమయ్యేది. పది దాటాక గేటు కొడితే వంద, ఫ్రెండు వచ్చి పడుకుంటే మూడొందలు, బుద్ధిగా ఉంటే సున్నా. లోకంలో ఏం జరిగినా ఆవిడ నోట్‌బుక్‌లో పడేది ఒక అంకె. ఆ అంకెల సగటు ఎంతో డిపాజిట్ వెనక్కి తీసుకునే రోజున తెలుస్తుంది. (రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ 1933లో సంభావ్యత మొత్తాన్నీ మూడే మూడు స్వీకృతాల, అంటే రుజువు అడక్కుండా ఒప్పుకునే నియమాల, మీద నిలబెట్టాడంటారు. ఆంటీ మెట్ల దగ్గర అంటించిన రూల్స్ పదిహేడు.)

పరస్పర వివర్జిత ఘటనలనీ (ఒకటి జరిగితే రెండోది జరగనివి) స్వతంత్ర ఘటనలనీ (ఒకదాని సంగతి రెండోదానికి పట్టనివి) కలిపేసుకోవడం మరో రోగం. గీజర్‌లో వేడినీళ్లుండటం ఒక ఘటన, నేను బాత్రూమ్‌లో ఉండటం ఇంకో ఘటన. రెండూ ఒకేసారి జరిగిన దాఖలా లేదు. కాబట్టి స్వతంత్రాలే అన్నాడు తమ్ముడు. కాదు నాయనా, నేను లోపలికి వెళ్లానని తెలిస్తే చాలు నీళ్లు చల్లగా ఉన్నాయని నువ్వు గదిలో కూర్చునే చెప్పగలవు. అది స్వతంత్రం ఎలా అవుతుంది? అంతకన్నా ఘోరమైన బంధుత్వం ఇంకోటుందా?

అందుకే పేపర్ సెట్ చేసే పెద్దలకు నా విన్నపం. బంతులు, సంచులు వదిలేయండి. బెంగళూరులో సంచి పట్టుకుని తిరిగేవాడెవడు? ఆటో గురించి అడగండి. బుక్ చేసిన ప్రతి ఆటోవాడూ క్యాన్సిల్ చేయకుండా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి అనుకుందాం. సగటున నాలుగుసార్లు బుక్ చేయాలి. ముగ్గురు క్యాన్సిల్ చేశారు. ఇంకెన్నిసార్లు? ఒక్కసారి అన్నవాడికి సున్నా, మళ్లీ నాలుగు అన్నవాడికి పూర్తి మార్కులు, వచ్చే ఆటోకి వెనకటి క్యాన్సిళ్లు గుర్తుండవు కాబట్టి. వానలో తడుస్తూ అన్నవాడికి రెండు మార్కులు అదనం.

శనివారం రాత్రి పదకొండుకి ఇంక లాభం లేదని అసలు పనిలోకి దిగాం. మొత్తం పది చాప్టర్లు. పేపర్లో ఏవో ఐదింటి నుంచి ఒక్కో ప్రశ్న. మూడు రాస్తే పాస్. మేం చదివినవి ఆరు, ఛాయిస్‌లో వదిలేసినవి నాలుగు. బంతుల చాప్టర్ ఆ నాలుగింట్లో మొదటిది. పేపర్ 252 రకాలుగా రావచ్చని తమ్ముడు తేల్చాడు. అందులో ఐదుకి ఐదూ మనవే అయ్యేవి 6, నాలుగు మనవయ్యేవి 60, మూడయ్యేవి 120. మొత్తం 186. అంటే దాదాపు 74 శాతం పాస్! మావ లేచి డాన్స్ చేశాడు. పక్క గదివాళ్లు గోడ బాదారు. ఒక్కటే తెలిసిన ప్రశ్న వచ్చే ప్రమాదం ఎంతో కూడా చూశాం, 42లో ఒకటి. ఐదూ తెలిసినవే వచ్చే అదృష్టమూ అంతే. అన్నీ సరిచూసుకునేసరికి ఒంటిగంటన్నర. ఆ టైములో ఆ నాలుగు చాప్టర్లూ చదివేయొచ్చు కదా అని తమ్ముడు అన్నాడు. చిన్నపిల్లాడు, వదిలేశాం.

పరీక్షలో పేపర్ చేతికిచ్చారు. మొదటి ప్రశ్న: ఒక సంచిలో 6 ఎర్ర బంతులు, 4 నల్ల బంతులు ఉన్నాయి. చూడకుండా 5 బంతులు తీస్తే వాటిలో కనీసం 3 ఎర్రవి కావడానికి సంభావ్యత ఎంత?

బంతుల చాప్టర్ ఛాయిస్‌లో వదిలేశాం కదా. రెండో ప్రశ్నకి వెళ్లిపోయాను.