ఎథిక్స్ కమిటీని నియమించేది ఎవరు?

2009లో ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి)తో కలిసి నడిపిన ఆ కార్యక్రమం 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవో ప్రధానోపాధ్యాయులవో. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మనుషులపై చేసే పరిశోధనలు నైతికంగా ఉన్నాయా అని ముందే చూసే ఎథిక్స్ కమిటీల ఆమోదం ఉండగానే ఇదంతా జరిగింది. పైగా తర్వాత దీనిపై దర్యాప్తు చేసినవారి విషయంలోనూ స్వప్రయోజనాల ప్రశ్న వచ్చింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తన 72వ నివేదికలో దాన్నీ తప్పుపట్టింది.

కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ (మనుషులపై మందుల పరీక్షలు) గురించిన 2019 నిబంధనలు చదివితే లోటేమీ కనిపించదు. కమిటీలో కనీసం ఏడుగురుండాలి, సగం మంది ఆ సంస్థకు బయటివారు కావాలి, ఛైర్మన్ కూడా బయటి వ్యక్తే. కోరం ఐదుగురు. అందులో న్యాయ నిపుణుడు, వైద్యంతో సంబంధం లేని సామాన్య సభ్యుడు తప్పనిసరి. మరి ఎక్కడ చెడుతోంది? సభ్యులను నియమించేది ఆసుపత్రే, ట్రయల్ సొమ్ము వచ్చేదీ ఆసుపత్రికే. ఎజెండా రాసే మెంబర్ సెక్రటరీ లోపలి మనిషి. నిన్న రిటైరైన ప్రొఫెసర్ ఇవాళ 'బయటి సభ్యుడు'గా కూర్చుంటే నిబంధన అక్షరాలా నిలబడుతుంది, స్వతంత్రత మాత్రం నిలబడదు. పాత విభాగాధిపతి ప్రాజెక్టును కాదనడానికి ఎవరికైనా మొహమాటమే కదా!

నీతిశాస్త్రం చదివినవారికి ఈ బెడద లేదనుకోవద్దు. బయోఎథిక్స్‌లో పేరున్న ఒక అమెరికన్ పత్రిక సంపాదకుడే సెల్‌టెక్స్ అనే స్టెమ్ సెల్ కంపెనీలో పదవి తీసుకుని 2012లో దుమారానికి కారణమయ్యారు.

కమిటీ నిజంగా పనిచేస్తోందా అన్నది సమావేశం మినిట్స్ (రాతపూర్వక నమోదు) చెప్పేస్తాయి. ట్రయల్‌తో సంబంధమున్న సభ్యుడు ఎప్పుడు బయటికి వెళ్లాడో, ఎప్పుడు తిరిగొచ్చాడో అందులో ఉందా? ప్రశ్నలకు జవాబిచ్చిన పరిశోధకుడు నిర్ణయం జరిగేటప్పుడు కూడా గదిలోనే కూర్చుంటే ఆ ఆమోదానికి విలువ లేదు. ఒకరు తప్పుకోవడంతో కోరం పోతే వాయిదా వేయాలి. 'పర్వాలేదు, ఫోన్‌లో అడుగుదాం' అనడమే అసలు జబ్బు. సభ్యుల గౌరవ వేతనం స్పాన్సర్ (ట్రయల్‌కు డబ్బు పెట్టే సంస్థ) చేతి నుంచి రాకూడదు, ఆమోదించినా తిరస్కరించినా ఒకే మొత్తం ఉండాలి. పదవీకాలం ముందే రాసిపెట్టాలి. మధ్యలో తీసేస్తే కారణం లిఖితపూర్వకంగా ఇవ్వాలి, లేకపోతే అడ్డు చెప్పిన సభ్యుడికి తర్వాతి సమావేశం నోటీసే అందదు.